ఆర్ఏ ఫ్యాక్టర్ నెగెటివ్ వచ్చింది, కానీ పొద్దున్నే వేళ్లు బిగుసుకుపోతున్నాయి. ఇది కీళ్లవాతమేనా?

మీరు అడిగింది నాకు అర్థమైనంతవరకు ఇది. మీ వయసు 38. రెండు నెలలుగా పొద్దున్న లేవగానే రెండు చేతుల వేళ్లూ బిగుసుకుపోయి పిడికిలి పట్టడం లేదు. పది గంటలయ్యేసరికి సర్దుకుంటోంది. ఆర్ఏ ఫ్యాక్టర్ అనే రక్తపరీక్షలో నెగెటివ్ వచ్చింది కాబట్టి రుమటాయిడ్ ఆర్థరైటిస్ కాదన్నారు, నొప్పి మాత్రలు రాశారు. మాత్ర వేసుకున్న రోజు ఫరవాలేదు, మానేస్తే మళ్లీ మొదటికే. "లక్షణాలను బట్టి ఈ జబ్బును ఎలా గుర్తుపట్టాలి?" అని మీ ప్రశ్న.

ముందు సూటిగా జవాబు చెబుతాను. మీరు రాసినదాన్ని బట్టి ఇది రుమటాయిడ్ ఆర్థరైటిస్, అంటే వాడుకలో కీళ్లవాతం అనేది, అయ్యే అవకాశం గట్టిగానే ఉంది. ఆర్ఏ ఫ్యాక్టర్ నెగెటివ్ వచ్చినంత మాత్రాన ఆ అనుమానం తీరిపోదు. ఈ జబ్బు నిజంగా ఉన్నవాళ్లలోనే పదిమందిలో కనీసం ఇద్దరు ముగ్గురికి, ముఖ్యంగా మొదటి నెలల్లో, ఆ పరీక్ష నెగెటివ్ వస్తుంది. కాబట్టి రుమటాలజిస్ట్‌కు, అంటే కీళ్లజబ్బుల డాక్టర్‌కు చూపించుకోండి. వీలైతే ఈ రెండు మూడు వారాల్లోనే వెళ్లండి.

నేను 22 ఏళ్లుగా రుమటాలజీ ఓపీలో కూర్చుంటున్నాను. నన్ను ఇప్పటికీ బాధపెట్టే మాట ఒకటుంది. "రిపోర్ట్ నార్మల్ వచ్చింది కదా అని ఏడాది ఊరుకున్నాం డాక్టర్‌గారూ." ఆ ఏడాదిలో పాడైన కీలును మందులతో వెనక్కి తేలేం. అందుకే కాస్త పెద్దదైనా ఫరవాలేదని వివరంగా రాస్తున్నాను.

పొద్దున్న ఎంతసేపు?

కీళ్లనొప్పులతో వచ్చిన ఎవరినైనా "పొద్దున్న పట్టేస్తుందా?" అని అడిగితే దాదాపు అందరూ ఔననే అంటారు. ఆ ఔను వల్ల నాకు ఏమీ తెలియదు. అందుకని టైము అడుగుతాను. ఎన్నింటికి లేస్తారు? లేవగానే కుళాయి తిప్పగలరా? సీసా మూత తీయగలరా? గుండీలు పెట్టుకోవడానికి చేతులు ఎన్నింటికి వస్తాయి? లేచిన టైముకీ, చేతులు మాట వినే టైముకీ మధ్య ఎంత తేడా ఉందన్నదే అసలు విషయం.

కీలు అరుగుదల ఉన్నవాళ్లకూ లేవగానే పట్టేసినట్టు ఉంటుంది గానీ నాలుగు అడుగులు వేస్తే, నాలుగుసార్లు చెయ్యి ఆడిస్తే వదిలేస్తుంది. చాలామందికి అది 30 నిమిషాల లోపే. కీళ్లవాతంలో ఆ బిగుతు అరగంట దాటుతుంది, చాలామందికి గంట పైనే ఉంటుంది, కొందరికి మధ్యాహ్నం దాకా వదలదు. ఇంకో తేడా కూడా గమనించండి. అరుగుదల నొప్పి పనిచేసేకొద్దీ పెరిగి సాయంత్రానికి విసిగిస్తుంది, కూర్చుంటే తగ్గుతుంది. కీళ్లవాతం నొప్పి విశ్రాంతి తీసుకుంటే పెరుగుతుంది, కదిలేకొద్దీ సడలుతుంది. మీకు పదింటికి సర్దుకుంటోందంటే, ఏడింటికి లేచినా మూడు గంటలు. దాన్ని తేలిగ్గా తీసుకోలేం.

ఎందుకిలా అంటే, కీలు లోపల ఒక పలుచని పొర ఉంటుంది. ఈ జబ్బులో శరీర రక్షణ వ్యవస్థ పొరపాటున ఆ పొర మీదే దాడి చేస్తుంది. పొర ఉబ్బి, నీరు చేరుతుంది. వాపును పెంచే రసాయనాలు తెల్లవారుజామున రక్తంలో ఎక్కువగా ఉంటాయి. వాటిని అదుపులో పెట్టే మన సొంత కార్టిజాల్ అనే హార్మోన్ అర్ధరాత్రి వేళ బాగా తక్కువగా ఉంటుంది. దానికి తోడు రాత్రంతా కదలిక ఉండదు కాబట్టి ఆ నీరు అక్కడే నిలిచిపోతుంది. లేచి కదిలించేకొద్దీ అది మెల్లగా చెదురుతుంది.

ఈ ప్రశ్నను సరిగ్గా అడగక నేనే ఒకసారి పొరబడ్డాను. ఒకావిడ "పొద్దున్న నాకేం ఇబ్బంది లేదండీ" అన్నారు. నేను అరుగుదల అనుకుని పంపించాను. రెండు నెలల తర్వాత మణికట్లు రెండూ ఉబ్బి మళ్లీ వచ్చారు. అప్పుడు తెలిసిందేమిటంటే, ఆవిడ నాలుగింటికే లేస్తారు. ఆరున్నర దాకా చేతులు పనిచేయవు. ఆవిడ దృష్టిలో పొద్దున్న అంటే ఇంట్లో అందరూ లేచాక. అప్పటి నుంచి గడియారం లెక్కన తప్ప అడగను.

నొప్పి ఒకటి, వాపు ఒకటి

నొప్పికి వంద కారణాలు ఉంటాయి. కీలు ఉబ్బిందంటే మాత్రం ఆ జాబితా బాగా చిన్నదైపోతుంది. పిడికిలి పట్టినప్పుడు వేళ్ల మొదళ్ల దగ్గర మెటికలు గుట్టల్లా లేచి, వాటి మధ్య పల్లాలు కనిపించాలి. వాపు ఉంటే ఆ పల్లాలు పూడిపోతాయి. మొన్నటిదాకా వదులుగా ఉన్న ఉంగరం కణుపు దాటి రాదు. నొక్కి చూస్తే మెత్తగా, రబ్బరులా తగులుతుంది. అరుగుదలలో కూడా కణుపులు లావవుతాయి గానీ అది ఎముక పెరగడం, నొక్కితే గట్టిగా ఉంటుంది. నేను ఫైలు తెరవకముందే చేతులు పట్టుకుని చూసేది దీని కోసమే.

ఎక్కడ వాచిందన్నది ఇంకా ముఖ్యం. కీళ్లవాతం ఎక్కువగా వేళ్ల మొదళ్లలోని మెటికలతో, వేళ్ల మధ్య కణుపులతో, మణికట్టుతో మొదలవుతుంది. గోరు దగ్గరి కణుపును సాధారణంగా వదిలేస్తుంది. అక్కడే బుడిపెలు కడుతున్నాయంటే అరుగుదల గురించి, గోళ్ల మీద సన్నని గుంటలు కూడా ఉంటే సోరియాసిస్ అనే చర్మవ్యాధి తాలూకు కీళ్లవ్యాధి గురించి ఆలోచిస్తాం. నడుము నొప్పి కూడా ఈ జబ్బు లక్షణం కాదు. వెన్నెముకలో ఇది పట్టేది మెడ పైభాగాన్ని, అదీ చాలాకాలం అదుపు లేకుండా ఉన్నప్పుడు.

పాదాలను మాత్రం ఎవరూ పట్టించుకోరు. కాలివేళ్ల మొదళ్ల కింద నొప్పి వచ్చి, పొద్దున్న మంచం దిగి మొదటి అడుగులు వేస్తే కంకర మీద నడిచినట్టుందని చెబుతారు. చెప్పులు మారుస్తారు, మెత్తటివి కొంటారు, బరువు పెరిగామనుకుంటారు. కొందరికి జబ్బు చేతుల కంటే ముందు అక్కడే మొదలవుతుంది. మీరు పాదాల గురించి ఏమీ రాయలేదు, ఒకసారి గమనించండి.

ఇంట్లో చేసుకోగలిగిన చిన్న పరీక్ష ఒకటుంది. ఎవరినైనా కరచాలనం చేసినట్టు మీ చెయ్యి పట్టుకుని, చూపుడు వేలి మొదలు నుంచి చిటికెన వేలి మొదలు దాకా అడ్డంగా మెల్లగా నొక్కమనండి. పాదాల ముందు భాగాన్ని కూడా అలాగే. మామూలు ఒత్తిడికే చెయ్యి వెనక్కి లాక్కునేంత నొప్పి వస్తే అనుమానం పెరుగుతుంది. నొప్పి రాకపోతే మాత్రం జబ్బు లేదని దీన్నిబట్టి తేల్చుకోవద్దు.

రెండు వైపులా రావడం ఈ జబ్బు తీరు, నిజమే. అలాగని అద్దంలో చూసినట్టు కుడిచేతి చూపుడు వేలు వాస్తే ఎడమచేతి చూపుడు వేలే వాయాలని లేదు. రెండు చేతుల్లో అదే వరసలోని కీళ్లు పట్టినా చాలు. మొదటి వారాల్లో ఒక వైపే ఉండి, తర్వాత రెండో వైపుకు రావడమూ చూశాను.

కీళ్ల బయట కనిపించేవి

పేరులో కీళ్లు ఉన్నా ఇది ఒళ్లంతటికీ సంబంధించిన జబ్బు. చాలామంది మొదట చెప్పేది నీరసం గురించే. రాత్రంతా నిద్రపోయినా లేచేసరికి ఒళ్లంతా పిండేసినట్టుంటుంది. సన్నటి జ్వరం, ఆకలి తగ్గడం, కొద్దిగా బరువు తగ్గడం, రక్తహీనత తోడవుతాయి. ఇవన్నీ విడివిడిగా చూస్తే ఏమీ కావు, వాచిన కీళ్లతో కలిపి చూస్తే అర్థం మారిపోతుంది.

రాత్రిపూట బొటనవేలు, చూపుడు, మధ్య వేళ్లు తిమ్మిరెక్కి నిద్రలేపడం మరో గుర్తు. మణికట్టు లోపల వాపు వల్ల అక్కడి నరం నొక్కుకుంటుంది. నా దగ్గరికి వచ్చిన ఒకాయన మెడ ఎక్స్‌రేలు, నరాల పరీక్షలు అన్నీ చేయించుకుని ఆరు నెలలు తిరిగారు. చేతులు చూస్తే రెండు మణికట్లూ మెత్తగా ఉబ్బి ఉన్నాయి. వాటి గురించి ఆయన ఎవరికీ చెప్పలేదు, ఎవరూ అడగలేదు.

కళ్లు, నోరు పొడిబారడం, మోచేతి వెనక నొప్పి లేని గట్టి గడ్డలు, మెట్లెక్కితే ఆయాసం, పొడిదగ్గు కూడా దీనితో రావచ్చు. గడ్డలు సాధారణంగా తర్వాతి దశలో వస్తాయి. ఆయాసం ఉంటే తప్పకుండా చెప్పండి, ఈ జబ్బు ఊపిరితిత్తులనూ పట్టగలదు.

ఇంటర్నెట్‌లో వెతికితే వేళ్లు చిటికెన వేలి వైపు వంగిపోయిన చేతుల ఫొటోలు వస్తాయి. వాటితో మీ చేతిని పోల్చుకోకండి. అవి ఏళ్ల తరబడి వైద్యం అందని చేతులు. "నా వేళ్లు అలా లేవు కదా" అని ధైర్యం తెచ్చుకుని ఆలస్యం చేసినవాళ్లున్నారు. అవి చూసి భయంతో నిద్ర మానుకున్నవాళ్లూ ఉన్నారు. ఇప్పుడున్న మందులు మొదట్లోనే మొదలుపెడితే చాలామంది చేతులు ఎప్పటికీ అలా కావు.

అందరికీ ఒకేలా మొదలవదు

వారాల మీద మెల్లగా మొదలవడం ఎక్కువమందిలో చూస్తాం. కొందరిలో వేరుగా ఉంటుంది. ఒక కీలు ఉబ్బి, ఎర్రబడి, రెండు రోజుల్లో ఆనవాలు లేకుండా తగ్గిపోతుంది. మరో నెలకు ఇంకో కీలు. డాక్టర్ దగ్గరికి వెళ్లేసరికి ఏమీ ఉండదు కాబట్టి అబద్ధం చెబుతున్నారనుకుంటారు. ఇలా వచ్చిపోయేవాళ్లలో కొంతమందికి తర్వాత కీళ్లవాతంగా స్థిరపడుతుంది. అందుకే వాపు ఉన్న రోజు ఫొటో తీసి పెట్టుకోమంటాను. పెద్ద వయసువాళ్లలో భుజాలు రెండూ పట్టేసి, చేతులు పైకి లేవక, తల దువ్వుకోలేకపోవడంతో మొదలుకావచ్చు.

ఈ జబ్బు ఆడవాళ్లలో మగవాళ్ల కంటే రెండు మూడు రెట్లు ఎక్కువ. 30 నుంచి 60 ఏళ్ల మధ్య మొదలవడం ఎక్కువే గానీ ఏ వయసులోనైనా రావచ్చు. ఇంట్లో రక్తసంబంధీకులకు ఉంటే, పొగతాగే అలవాటు ఉంటే ముప్పు పెరుగుతుంది. కాన్పు తర్వాతి నెలల్లో మొదటిసారి బయటపడటం కూడా తరచుగా చూస్తాం. పసిబిడ్డను ఎత్తుకోవడం వల్ల మణికట్టు నొప్పి అనుకుని ఆ తల్లులు చాలాకాలం ఓర్చుకుంటారు.

మరేమై ఉండొచ్చు?

ఈ రెండు నెలల ముందు మీకు జ్వరం వచ్చిందా? అది చెప్పలేదు. చికున్‌గున్యా తర్వాత కీళ్లు అచ్చం ఇలాగే పట్టేస్తాయి, కొందరికి నెలల తరబడి ఉంటాయి. చాలా వైరస్‌ల వల్ల వచ్చే కీళ్లవాపులు మాత్రం ఆరు వారాల్లోపే తగ్గిపోతాయి. కీళ్లవాతాన్ని అనుమానించేటప్పుడు ఆరు వారాలు గడిచాయా అని చూసేది ఇందుకే. మీరు ఆ గీత దాటేశారు. థైరాయిడ్ తక్కువైనా చేతులు ఉబ్బి బిగుసుకున్నట్టు ఉంటాయి, తేలిగ్గా తెలుసుకోగలిగింది కాబట్టి ఆ పరీక్ష చేయించండి. ముఖం మీద ఎండకు ఎర్రమచ్చలు, నోట్లో పుండ్లు, బాగా జుట్టు రాలడం ఉంటే లూపస్ గురించి, అంటే రక్షణ వ్యవస్థ సొంత శరీరం మీదే దాడి చేసే మరో జబ్బు గురించి చూడాలి. యూరిక్ యాసిడ్ కీళ్లలో పేరుకుని వచ్చే గౌట్ అయితే తరచూ రాత్రికి రాత్రే కాలి బొటనవేలి దగ్గర భరించలేని నొప్పితో దిగుతుంది. దానికీ మీ కథకూ పోలిక లేదు. యూరిక్ యాసిడ్ కొంచెం ఎక్కువగా కనిపించగానే వేళ్లనొప్పులన్నీ దాని ఖాతాలో వేయడం సరికాదు.

పరీక్షలను ఎలా చదవాలి?

ఆర్ఏ ఫ్యాక్టర్ అన్న పేరే తప్పుదారి పట్టిస్తుంది. యాంటీబాడీలంటే రక్షణ వ్యవస్థ తయారుచేసే ప్రొటీన్లు. ఇది మన సొంత యాంటీబాడీల మీదే తయారయ్యే ఇంకో యాంటీబాడీ. హెపటైటిస్ సి, టీబీ లాంటి దీర్ఘకాలపు ఇన్ఫెక్షన్లలోనూ, వేరే జబ్బుల్లోనూ, ఏ జబ్బూ లేని పెద్దవాళ్లలోనూ పాజిటివ్ రావచ్చు. యాంటీ సీసీపీ అనే పరీక్ష ఇంతకంటే నమ్మదగింది. ఈ జబ్బు లేనివాళ్లలో నూటికి సుమారు 95 మందికి అది నెగెటివ్ వస్తుంది కాబట్టి పాజిటివ్ వస్తే బరువు ఎక్కువ. మీకు అది చేసినట్టు లేదు, చేయించుకోండి. ఈఎస్ఆర్, సీఆర్పీ అనే రక్తపరీక్షలు వాపు స్థాయిని చెబుతాయి, జబ్బు పేరును చెప్పవు. జబ్బు ఉండి కూడా అవి నార్మల్‌గా ఉండొచ్చు. ఎక్స్‌రే మొదటి నెలల్లో చాలామందికి మామూలుగానే ఉంటుంది. అనుమానం మిగిలితే కీళ్ల అల్ట్రాసౌండ్ చేస్తే చేతికి తెలియని వాపు కూడా కనిపిస్తుంది.

2010లో అమెరికా, ఐరోపా రుమటాలజీ సంఘాలు కలిసి ఒక మార్కుల పద్ధతిని ఇచ్చాయి. మొత్తం 10 మార్కులు, 6 వస్తే రుమటాయిడ్ ఆర్థరైటిస్ కింద లెక్క. అందులో రక్తంలోని యాంటీబాడీలకు గరిష్ఠంగా 3 మార్కులే. ఎన్ని కీళ్లు, ఎలాంటి కీళ్లు పట్టాయన్నదానికి 5 దాకా ఉన్నాయి. చిన్న కీళ్లతో కలిపి పదికి మించి కీళ్లు పట్టి, ఆరు వారాలు దాటితే, యాంటీబాడీలు అన్నీ నెగెటివ్‌గా ఉన్నా ఆరు వచ్చేస్తాయి. ఆ మార్కులు పరిశోధనల్లో రోగులను వర్గీకరించడానికి పెట్టినవి, 5 వచ్చినవాళ్లను ఇంటికి పంపేయమని కాదు. కానీ కీళ్లకు ఎంత బరువు ఇచ్చారో చూడండి.

దీనికి తిరగేసిన కథ కూడా ఉంది. ఒకమ్మాయి హెల్త్ చెకప్‌లో ఆర్ఏ ఫ్యాక్టర్ పాజిటివ్ వచ్చిందని రెండేళ్లు టెన్షన్ పడింది. ఒక్క కీలు వాయలేదు, పొద్దున్న బిగుతు లేదు. ఆమెకు కీళ్లవాతం లేదు. కీళ్లలో ఏమీ లేకుండా ఆ పరీక్ష చేయించుకోవడమే అనవసరం.

స్టెరాయిడ్ గురించి ఒక హెచ్చరిక

రోగనిర్ధారణ కాకముందే, రెండు రోజుల్లో అద్భుతంగా తగ్గిస్తుందని ఎవరైనా పేరు తెలియని మాత్ర గానీ, పొడి గానీ, ఇంజెక్షన్ గానీ ఇస్తే తీసుకోకండి. అందులో స్టెరాయిడ్ ఉండే అవకాశం ఎక్కువ. 1948లో ఫిలిప్ హెంచ్ అనే వైద్యుడు మేయో క్లినిక్‌లో కీళ్లవాతం రోగికి మొదటిసారి కార్టిజోన్ అనే స్టెరాయిడ్ ఇచ్చినప్పుడు, కదల్లేని మనిషి కొద్ది రోజుల్లో నడిచింది. 1950లో ఆయనకు, మరో ఇద్దరికి నోబెల్ వచ్చింది. అంత శక్తి ఉన్న మందు కాబట్టే ఇష్టం వచ్చినట్టు వాడితే ఎముకలు గుల్లబారడం, షుగర్, బీపీ, ఇన్ఫెక్షన్లు వెంటపడతాయి. ఇంకో నష్టమేమిటంటే అది వాపును దాచేస్తుంది, మేం చెయ్యి పట్టుకుని చూసినప్పుడు ఏమీ దొరకదు. స్టెరాయిడ్‌ను మేమూ ఇస్తాం, అసలు మందు పనిచేయడం మొదలయ్యేదాకా, తక్కువ మోతాదులో. ఒకవేళ మీరు ఇప్పటికే వారాల తరబడి వాడుతుంటే ఒక్కసారిగా ఆపొద్దు, అదీ ప్రమాదమే. డాక్టర్‌కు చెప్పండి.

మామూలు నొప్పి మాత్రలు బాధను తగ్గిస్తాయి, ఎముక కోతను ఆపలేవు. అందుకే మాత్రతో హాయిగా ఉన్నా లోపల నష్టం జరుగుతూనే ఉండొచ్చు. ఎముక అంచులు తినేయడం చాలామందిలో మొదటి రెండేళ్లలోనే మొదలవుతుంది. లక్షణాలు మొదలైన మూడు నుంచి ఆరు నెలల్లోపు సరైన మందు పడితే జబ్బు పూర్తిగా అణగిపోయే అవకాశం బాగా ఎక్కువ. మీకు ఇంకా ఆ సమయం ఉంది.

వెళ్లేముందు చేయాల్సినవి

రేపటి నుంచి వారం రోజులు లేచిన టైము, పిడికిలి పూర్తిగా పట్టిన టైము రాసి పెట్టండి. లేవగానే రెండు చేతులూ పక్కపక్కన పెట్టి ఒక ఫొటో, పిడికిలి పట్టి ఒక ఫొటో తీయండి. అపాయింట్‌మెంట్ ఉదయం పూట దొరికితే మంచిది, మధ్యాహ్నానికి మీ చేతులు మామూలుగా కనిపిస్తాయి. ఓర్చుకోగలిగితే ఆ ఉదయం నొప్పి మాత్ర వేసుకోకుండా వెళ్లండి.

గర్భం దాల్చే ఆలోచన ఉంటే మొదటి రోజే చెప్పండి. ఈ జబ్బుకు మొదట ఎక్కువగా వాడే మెథోట్రెక్సేట్ గర్భంలో అసలు పనికిరాదు, అలాంటప్పుడు వేరే మందులు ఎంచుకుంటాం. మీకు అదే రాస్తే వారానికి ఒక్క రోజే వేసుకోవాలి. పొరపాటున రోజూ వేసుకుని ప్రాణం మీదికి తెచ్చుకున్నవాళ్లు ఉన్నారు, కాబట్టి వారంలో ఏ రోజు వేసుకోవాలో చీటీ మీద పెద్దగా రాయించుకోండి.

ఒక్క సందర్భంలో మాత్రం అపాయింట్‌మెంట్ కోసం ఆగకండి. ఏదైనా ఒక్క కీలు హఠాత్తుగా ఎర్రగా, వేడిగా ఉబ్బి, కదిపితే ప్రాణం పోయినంత నొప్పితో పాటు జ్వరం వస్తే అది కీలులో చీము పట్టడం కావచ్చు, అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. కన్ను బాగా ఎర్రబడి నొప్పితో చూపు మసకబారినా అంతే.

పాదాల సంగతి, జ్వరం సంగతి, యాంటీ సీసీపీ ఫలితం తెలిశాక ఇక్కడే రాయండి, చూసి చెబుతాను.